ఎత్తకూడని ఫోన్లు

నాలుగువందల పన్నెండో అరలో ఫోను పొద్దున పదింటికి మోగడం మొదలుపెట్టింది.

ఆరువందల ఫోన్లున్న గదిలో ఒక ఫోను మోగితే వింతేముంది అంటారా? వినండి మరి. అది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. లోపలికి ఫోను తీసుకెళ్ళకూడదు. డిజైన్లు బయటికి పొక్కుతాయట! చొక్కాకి రెండు చేతులు, ఒక కాలరు, ఏడు బొత్తాలు. అదేమన్నా బ్రహ్మరహస్యమా? బయటికి పొక్కకూడనివి వేరే ఉన్నాయి. అందుకే గేటు పక్కన ఇరుకు గది ఒకటి కట్టి, మూడు గోడలకీ నేలనుంచి కప్పుదాకా చెక్క అరలు కొట్టించారు. అరకో నంబరు, నంబరుకో ఫోను. నాలుగో గోడకి చెయ్యి పట్టేంత కిటికీ. ఆ కిటికీ వెనక ఒక మనిషి.

ఆ మనిషిని అందరూ ఫోన్లక్క అంటారు. పొద్దున ఎనిమిదింటికి ఫోను పుచ్చుకుని ఇత్తడి టోకెను ఇవ్వాలి. సాయంత్రం ఆరింటికి టోకెను పుచ్చుకుని ఫోను ఇవ్వాలి. ఎవరి అర వాళ్ళదే, ఎవరి టోకెను వాళ్ళదే. దానికి పుస్తకమంటూ లేదు, అంతా ఆమె బుర్రలోనే. చెయ్యకూడని పని ఒక్కటే. మోగే ఫోను ఎత్తకూడదు. ఎత్తినరోజే ఉద్యోగం ఆఖరు. ఆ ముక్క ఆమె ఎదురుగా గోడమీద ఎర్రరంగుతో రాసి ఉంటుంది.

నాలుగువందల పన్నెండు కాజాలామెది. చొక్కాలకి కాజాలు తీసే మిషను మీద పనిచేస్తుంది కాబట్టి కాజాలామె. ఫోను అద్దం మీద 'తమ్ముడు' అని పడుతోంది. ఆగింది. మళ్ళీ మోగింది. ఎనిమిదిసార్లు మోగాక ఒక ముక్క వెలిగింది. 'అక్కా, ఆస్పత్రిలో ఉన్నాం. నాన్న నీ పేరే పిలుస్తున్నాడు. వెంటనే రా.'

చదవకూడదు. కళ్ళముందు వెలిగితే చదవక ఏం చేస్తుంది? ఫోన్లక్క గదికి తాళం వేసి మేనేజరు గదికి పరిగెత్తింది.

"సార్, కాజాల మిషను మీదున్నామెకి ఇంటినుంచి ఒకటే ఫోన్లు. వాళ్ళ నాన్నకి బాగాలేదట. ఒక్కమాట లోపలికి చెప్పిస్తే..."

మేనేజరు కాగితాల మీంచి తల ఎత్తలేదు. "నిన్ను ఫోన్లు కాపలా కాయమన్నాం. వాటిల్లో ఏముందో చదవమన్నామా?"

"చదవలేదు సార్, కనపడింది."

"ఇవాళ సరుకు లారీ ఎక్కాలి. కాజాలాగితే లైను మొత్తం ఆగుతుంది. సాయంత్రం చూసుకుంటుందిలే. ముసలాళ్ళకి జబ్బులు రాక మనకొస్తాయా? వెళ్ళు, గది వదిలేసి తిరక్కు."

ఆమె వెనక్కొచ్చి కూర్చుంది. ఫోను మోగుతూనే ఉంది. తొమ్మిది. పది. పదిహేను. రెండుసార్లు ఆమె చెయ్యి అరదాకా వెళ్ళింది. రెండుసార్లూ ఎర్రరంగు రాత మీద చూపు పడింది, చెయ్యి వెనక్కొచ్చింది. పంతొమ్మిది. ఇరవై నాలుగు. మధ్యాహ్నం రెండుంబావుకి ఇరవై ఏడోసారి మోగి ఆగిపోయింది. తరవాత మోగలేదు. ఆమె ఆ అరవైపు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం కిటికీలోంచి టోకెను పట్టుకున్న చెయ్యి వచ్చింది. చూపుడువేలి గోరు మీద సూది దిగిన మచ్చ. ఫోన్లక్క ఫోను ఇచ్చింది. తరవాత కేక. ఆ కేక వర్ణించే ఓపిక నాకు లేదు, అలాంటిది మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. పిడికిలితో కిటికీ చెక్కని బాదింది కాజాలామె.

"ఇరవై ఏడుసార్లే! నీ కళ్ళు పోయాయా? చెవుల్లో సీసం పోసుకున్నావా? నువ్వు మనిషివేనా?"

వరసలో ఉన్నవాళ్ళంతా అందుకున్నారు. "దానికేం నొప్పి? కంపెనీ పెంచిన కుక్క అది." "ఫోన్ల పిశాచి!" ఫోన్లక్క నోరు విప్పలేదు. మేనేజరుకి చెప్పానని అనొచ్చు. చెయ్యి అరదాకా వెళ్ళి వెనక్కొచ్చిన సంగతి ఎలా చెప్తుంది? కుక్కిన పేనులా కూర్చుని మిగతా ఫోన్లన్నీ ఒక్కొక్కటే అందించింది.

ఆమె ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. మొగుడు పనికని వేరే ఊరు పోయి అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. ఉన్న ఒక్క తల్లీ పోయినేడు పోయింది. ఇంట్లో ఒక స్టవ్వు, ఒక చాప, గోడకి ఒక అద్దం. రూలు అందరికీ రూలే కాబట్టి ఆమె ఫోనూ మొదటి అరలో ఉంటుంది. అది మోగిన పాపాన పోలేదు. రోజంతా చుట్టూ ఆరువందల ఫోన్లు 'అమ్మ' అనీ 'చిన్నది' అనీ 'ఇల్లు' అనీ వెలిగి ఆరుతుంటాయి. అన్నిటికీ ఎవరో ఒకరు ఉన్నారు. మనిషికి ఆకలి వేసినట్టే మాట కూడా వేస్తుంది. ఎవరన్నా 'తిన్నావా' అంటే చాలనిపిస్తుంది. ఆమెని అలా అడిగి ఏడాదైంది.

ఆ సాయంత్రం ఇంటి మెట్టు మీద కూర్చుని ఫోన్లో ఒక పేజీ తెరిచింది. పేరు 'షెడ్డు కబుర్లు' అని పెట్టింది. మొదటి కబురు రాసింది. 'ఇవాళ మన ఫ్యాక్టరీలో ఒకామె ఫోను ఇరవై ఏడుసార్లు మోగింది. తండ్రి పిలుస్తున్నాడని కబురు. ఇక్కడ లోపలికి ఫోనూ పోదు, కబురూ పోదు. లారీ వెళ్ళింది. తండ్రీ వెళ్ళిపోయాడు.' తన చెయ్యి వెనక్కొచ్చిన సంగతి అందులో రాయలేదు. మీకు ముందే చెప్తున్నాను, ఆ సంగతి మర్చిపోకండి.

తెల్లారేసరికి ఆ కబురుని మూడువందల మంది పంచుకున్నారు.

ఇక రోజూ రాసింది. కబుర్లు ఎక్కణ్ణుంచి వచ్చేవంటే, కిటికీ దగ్గరనుంచే. సాయంత్రం వరసలో నిలబడి మనుషులు గోడ ముందు మాట్లాడుకున్నట్టు ఆమె ముందు మాట్లాడుకునేవారు. ఇస్త్రీ సెక్షనులో వేడికి ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారనీ, మంచినీళ్ళ డబ్బా మధ్యాహ్నానికే ఖాళీ అనీ, బాత్‌రూము తాళం సూపర్‌వైజరు జేబులో ఉంటుందనీ. ఫోను చేతికందగానే ఇంటికి చేసి అక్కడే నిలబడి చెప్పుకునేవారు. ఆమె లోపలికి ఒక్కసారీ పోలేదు. నాలుగేళ్ళుగా ఆ షెడ్డు గోడ తప్ప షెడ్డు చూడలేదు. అయినా లోపల ఏ ఫ్యాను తిరగదో ఆమెకి తెలుసు.

తమాషా చూడండి. అదే వరస, అవే నోళ్ళు.

"నిన్న పేజీ చూశావా? మంచినీళ్ళ సంగతి ఉతికి ఆరేశాడు."

"ఎవడో గానీ మగాడు. వాడి నోట్లో చక్కెర పొయ్యాలి." ఆ వెంటనే కిటికీలోకి తిరిగి, "ఏయ్ పిశాచీ, తొందరగా ఇవ్వవే, బస్సు పోతుంది!"

ఫోన్లక్కకి ఒక్కోసారి నవ్వొచ్చేది. నవ్వు ఆగాక ఏడుపొచ్చేది. పేజీకి సొంతంగా కబుర్లు పంపేవాళ్ళు కూడా మొదలయ్యారు. 'అన్నా, నువ్వెవరివో గానీ చల్లగా ఉండు. మా లైన్లో ఇలా జరిగింది, రాయి' అని. అందరూ అన్నా అనే. ఆమె అన్నలాగే జవాబిచ్చేది. 'ధైర్యంగా ఉండు చెల్లీ, రాస్తాను.' రోజుకి రెండు గంటలు ఆమె ఒంటరిది కాదు. కానీ ఆ రెండు గంటలూ ఆమె ఫోన్లక్క కాదు, ఎవరో అన్న. ఫోను పక్కనపెట్టి దీపం వేసుకునేసరికి మళ్ళీ ఆ గదీ, ఆ చాపే.

మంచినీళ్ళ డబ్బాలు రెండయ్యాయి. పేజీ రాసేవాణ్ణి పట్టుకోమని కంపెనీ నుంచి మేనేజరుకి అక్షింతలు పడ్డాయి. దాంతో పేర్లు రాయడం ప్రమాదమైంది. ఇక్కడే ఫోన్లక్క ఒక తప్పు చేసింది. అలాంటి తప్పు ఆ గదిలో కూర్చున్న మనిషి తప్ప ఇంకొకరు చెయ్యలేరు.

ఆమెకి మనుషులు నంబర్లుగానే తెలుసు. పేర్లు దాచాలి కాబట్టి నంబరు వేస్తే సరిపోతుందనుకుంది. టోకెన్ల నంబర్లు. 'నూట పద్దెనిమిదికి వేలు తెగితే కట్టు కట్టించకుండా పని చేయించారు.' 'మూడువందల ఆరు జ్వరమని చెప్తే రేపట్నుంచి రావద్దన్నారు.' అలా నలభై దాకా రాసింది. తమ నంబరు గుర్తుపట్టినవాళ్ళు వరసలో ఎవరో విని రాశారనుకుని ఊరుకున్నారు. ఏ నంబరు ఎవరిదో తను చెప్తే తప్ప ఎవరికి తెలుస్తుందిలే అని ధీమా. ఒకరోజు ఇది రాసింది. 'ఇవాళ రెండువందల ముప్పై మూడు ఎన్నిసార్లు అడిగినా బాత్‌రూము తాళం ఇవ్వలేదు. బట్టలు తడిసేదాకా నిలబెట్టారు. తడిసిన బట్టలతోనే సాయంత్రందాకా పనిచేయించారు.'

ఆ టోకెను బొత్తాల పిల్లది. పెళ్ళై ఆరునెలలు కాలేదు, అప్పుడే మూడోనెల గర్భం. కిటికీ దగ్గర తోటిపిల్లతో ఏడుస్తూ చెప్పుకుంది. గోళ్ళకి ఎర్రరంగు, అది కూడా సగం చెదిరి ఉంది.

ఫ్యాక్టరీకి మాత్రం టోకెన్లతో పనిలేదు. వాళ్ళకి హాజరుపట్టీ నంబర్లుంటాయి. ఆ సంగతి ఫోన్లక్కకి తట్టనే లేదు.

మర్నాడు పదకొండింటికే కిటికీలోకి ఒక ముసలి చెయ్యి వచ్చింది. అరచెయ్యంతా కాలిన మచ్చలు. ఇస్త్రీ సెక్షను పెద్దాయన. నోట్లో నాలుక లేని మనిషి. వరసలో ఎవరన్నా తోసినా పక్కకి జరిగేవాడు.

"యాభై ఏడు తల్లీ."

ఆమె మొదటిసారి నోరు తెరిచింది. "ఇంత తొందరగా వెళ్ళిపోతున్నారేం పెద్దాయనా?"

"తీసేశారమ్మా. ఆ పేజీలో ఏదో పడిందట. హాజరుపట్టీలో రెండువందల ముప్పై మూడు నేనేనట. కంపెనీ పరువు తీశానట." గొంతు సర్దుకున్నాడు. "నాకు ఫోన్లో రాయడం కూడా రాదు. చెప్తే వినరు. ఈ వయసులో నిక్కరు తడుపుకున్నాడని అందరిముందూ చదివి వినిపించారు."

ఆయన ఫోను పుచ్చుకుని, వెళ్ళొస్తానమ్మా అని చెప్పి మరీ వెళ్ళాడు. నాలుగేళ్ళలో ఆమెకి వెళ్ళొస్తానని చెప్పినవాడు ఆయనొక్కడే.

ఏం చెయ్యాలి? అవి హాజరుపట్టీ నంబర్లు కావు అని పేజీలో రాస్తే, మరి ఏ నంబర్లని అడుగుతారు. టోకెన్లని తెలిస్తే ఆమె దగ్గరికొస్తారు. ఆమె దొరికితే నలభైమందీ దొరుకుతారు. ఆ నలభై పేర్లూ ఆమె తలకాయలో తప్ప ఎక్కడా లేవు. రాయకపోతే పెద్దాయన నెత్తిన ఆ బురద జన్మంతా ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు. మూడురోజులు పేజీలో అక్షరం పడలేదు. 'అన్నా, ఎక్కడికి పోయావు?' అని రాశారు. నాలుగోరోజు 'పిరికివాడా' అని రాశారు.

ఆదివారం మధ్యాహ్నం బస్సులు తిప్పుకునే ఖాళీ స్థలంలో జనం చేరారు. రెండువందల మందికి తక్కువ ఉండరు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు, పెద్దాయన సంగతి విని వచ్చారు. ఒక ప్యాకింగ్ మనిషి పాత టైరు మీదెక్కి అరుస్తున్నాడు.

"వాడికేం, నీడపట్టున కూర్చుని రాస్తాడు! పోయింది పెద్దాయన పని. పేజీవాడు మగాడైతే బయటికి రావాలి!"

"వస్తే వాణ్ణీ తీసేస్తారు, ఏం లాభం?"

"నీళ్ళొచ్చింది పేజీవల్లే కదరా? తాగేటప్పుడు లేని కోపం ఇప్పుడొచ్చిందా?"

"నీళ్ళు తాగి బతకమంటావా, పని పోగొట్టుకుని చావమంటావా?"

అంతలో ఎవరో చూశారు. "ఇదిగో, కంపెనీ చెవి వచ్చింది!" జనం పక్కకి తప్పుకున్నారు. దారివ్వడానికి కాదు, తగలకుండా ఉండటానికి. మధ్యలో ఫోన్లక్క ఒక్కతే మిగిలింది. ఇంతమంది ముఖాలు ఒక్కసారి చూడటం ఆమెకి అదే మొదలు. ఒక్క ముఖమూ తెలిసింది కాదు.

"పేజీ నాదే," అంది.

ముందు నవ్వారు. "ఆహా! మాకు చెవిలో పువ్వులున్నాయా?" అన్నాడు టైరు మీది మనిషి.

"ముఖాలు నాకు తెలీవు. చేతులు చూపించండి."

ఎవరూ కదల్లేదు. చివరికి ఒకామె వేళాకోళంగా చెయ్యి చాపింది. బొటనవేలి పక్క పాత కుట్లు. "మీది నూట పద్దెనిమిది," అంది ఫోన్లక్క. "వేలు తెగిన రోజు మీ అమ్మతో 'గీసుకుపోయిందంతే' అని అబద్ధం చెప్పారు." ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పక్కాయన చాపాడు. "మూడువందల ఆరు. జ్వరం తగ్గిందా?" ఇంకొకరు. ఇంకొకరు. వేళాకోళం పోయింది. మనుషులు ముందుకు జరిగి జరిగి చేతులు చాపుతున్నారు. ఆమె నంబరు చెప్తోంది, నంబరు వెనక బాధ చెప్తోంది. ఒకామె చెయ్యి చాపినదల్లా ఏడుస్తూ అంది, "ఇన్నాళ్ళూ నిన్ను పిశాచీ అన్నానే..."

అప్పుడు కాజాలామె వచ్చి ఎదురుగా నిలబడింది. చెయ్యి చాపలేదు.

"లెక్కపెట్టావు. ఇరవై ఏడుసార్లూ లెక్కపెట్టావు. ఒక్కసారి ఎత్తలేకపోయావా?"

చాపిన చేతులన్నీ వెనక్కెళ్ళాయి.

"మేనేజరుకి చెప్పాను. వినలేదు." అంది ఫోన్లక్క. "రెండుసార్లు ఎత్తబోయాను. పని పోతుందని ఎత్తలేదు. ఆ సంగతి పేజీలో రాయలేదు. ఊరందరి తప్పులూ రాశాను, నాది దాచుకున్నాను. పెద్దాయన తప్పు కూడా నాదే. అవి నా టోకెన్ల నంబర్లు. ఆయనకేం సంబంధం లేదు."

"మరి రెండువందల ముప్పై మూడు ఎవరు?" టైరు మీది మనిషి గద్దించాడు. "చెప్పు, వాళ్ళే వెళ్ళి ఒప్పుకుంటారు!"

"చెప్పను."

"చెప్పవా? పెద్దాయన ఏమైపోవాలి?"

గుంపు వెనకనుంచి ఇస్త్రీ పెద్దాయన లేచాడు. మెల్లగా మాట్లాడే మనిషి, అందుకని అందరూ చెవి ఒగ్గాల్సి వచ్చింది. "చెప్పొద్దమ్మా. ఆ కబురు నామీద పడ్డరోజే నాకర్థమైంది. ఎవరో ఆడపిల్ల అయ్యుంటుంది. నామీద పడింది కాబట్టి ఆ పిల్ల మీద పడలేదు. సిగ్గుపడాల్సింది తాళం జేబులో పెట్టుకున్నవాడు. మీరు నన్ను చూసి నవ్వితే నాకేం కాదు గానీ, వాణ్ణి చూసి ఎప్పుడు నవ్వుతారర్రా?"

బొత్తాల పిల్ల అక్కడే ఉంది. చీర చెంగు నోట్లో కుక్కుకుని నేలకేసి చూస్తోంది. ఉన్నట్టుండి లేచి ఆయన దగ్గరికి నడిచి, ఆయన పక్కన నిలబడింది. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

తరవాత గంటసేపు వాదులాడుకున్నారు. సంతకాలు పెట్టి అర్జీ ఇద్దామని కొందరు, అర్జీలు చెత్తబుట్టకి పోతాయని కొందరు, ముందు మాకు పిల్లలున్నారు అని కొందరు. కాలేజీలో చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు పుస్తకాల్లో చదివే ఐక్యత ఒక్క ఉపన్యాసంతో వచ్చేది కాదు. ఇలా తిట్టుకుని, అలిగి వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చి కూర్చుంటే వస్తుంది. ఫోన్లక్క ఒక్కటే అంది. "రేపు పొద్దున్నే మేనేజరుకి చెప్తాను. అవి నా నంబర్లని, పెద్దాయన్ని తీసుకోవాలని. ఎవరివో మాత్రం చెప్పను."

"నువ్వు పోతే పేజీ పోతుంది," అంది కాజాలామె. "ఒక్క బుర్రలో ఉన్నదాన్ని ఆపాలంటే ఒక్క బుర్ర పగలగొడితే చాలు. ఆ పాస్‌వర్డేదో అందరికీ చెప్పు."

ఫోన్లక్క అందరికీ వినపడేలా గట్టిగా చెప్పింది. రెండుసార్లు చెప్పింది.

చీకటి పడకముందే జనం చెదిరారు. కాజాలామె వెళ్తూ వెళ్తూ ఆగింది. "నేను నిన్ను క్షమించాననుకోకు. మా నాన్న నన్ను పిలుస్తూ పోయాడు, అది ఎప్పటికీ పోదు. రేపు నువ్వొక్కదానివే లోపలికి పోవడం మాత్రం నాకిష్టం లేదు." అంతే, బస్సెక్కేసింది. ఫోన్లక్క నడిచి ఇంటికొచ్చింది. ఆమెతో ఎవరూ రాలేదు.

సోమవారం ఏడున్నరకి మేనేజరు అంతా విన్నాడు. కోప్పడలేదు. కుర్చీ చూపించాడు. కాగితం, పెన్ను ముందుకు తోశాడు.

"అంటే నలభైమందీ ఎవరో నీకు తెలుసన్నమాట. మంచిది. రాయి. ముసలాణ్ణి రేపే పిలుస్తాను. నీ సీటు నీదే."

ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఆయన కాగితం వెనక్కి తీసుకుని ఫోను అందుకున్నాడు.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా పోలీసు జీపు ఆమెని ఎక్కించుకుని గేటులోంచి బయటికొచ్చింది. కిటికీ దగ్గర అప్పటికే పొడుగాటి వరస. లోపల ఎవరో కొత్తామెని కూర్చోబెట్టారు. ఫోన్లక్క జీపులోంచి వరసకేసి చూసింది. నిన్న చేతులు చాపిన మనుషులే. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ అడ్డం రాలేదు. కాజాలామె తల తిప్పుకుంది. ఏం చేస్తారు పాపం, పిల్లలున్నారు, అనుకుంది ఫోన్లక్క. అయినా అంత దిక్కులేనితనం తల్లి పోయినరోజు కూడా ఆమెకి తెలియదు.

స్టేషన్లో ఎస్సై రాసుకున్నది చదివి వినిపించాడు. కార్మికుల ఫోన్లలో సొంత విషయాలు దొంగతనంగా చదవడం, వదంతులు పుట్టించడం, కంపెనీని అల్లరి చెయ్యడం. కార్మికుల తరఫున కేసు పెట్టింది కంపెనీయే! దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుంది కదూ?

"నీ వెనకాల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్."

"యూనియనా? పార్టీనా? ఆడదానివి, ఒక్కదానివి చేసే పనా ఇది?"

"ఒక్కదాన్నే సార్. నాకెవరూ లేరు."

"సరే, ఆ నలభైమంది పేర్లు చెప్పు."

ఆమె మాట్లాడలేదు. బల్ల గుద్దాడు. ఆమె మాట్లాడలేదు. సెల్లు చూపించాడు. ఆడ కానిస్టేబుల్ పక్కకొచ్చి, "చెప్పెయ్యమ్మా, పదిమందివి చెప్పినా చాలు, ఇంటికి పోతావు," అని బుజ్జగించింది. ఇంటికా? ఇంటికి పోయి ఎవరి ముఖం చూడాలి? ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. గంట గడిచింది, రెండు గడిచాయి. నిలబడే ఉంది.

పదకొండున్నరకి ఎస్సై ఫోను మోగింది. అవతల మేనేజరు గొంతు ఇటువైపు వినిపిస్తోంది, అంతగా అరుస్తున్నాడు. ఎస్సై ఫోను పెట్టేసి దాంట్లో ఏదో వెతికాడు. చూశాడు. ఆమె ముఖం ముందు పెట్టాడు.

"ఏంటిది?"

షెడ్డు కబుర్లు. పైన ఒక ఫొటో. ఆమె ముందు గుర్తుపట్టలేదు. రేకుల కప్పు, కిందికి వేలాడే లైట్లు, వరసలు వరసలుగా మిషన్లు. ఏ మిషను ముందూ ఎవరూ కూర్చుని లేరు. అందరూ నిలబడి ఉన్నారు. చివర్న ఇస్త్రీ బల్ల దగ్గర ఒక ముసలాయన, ఆయన పక్కన గర్భవతిలా ఇంకా కనపడని ఒక పిల్ల. కింద ఇలా ఉంది.

'ఇప్పుడు పదకొండుంబావు. పొద్దున కొత్తామె కిటికీలోంచి చెయ్యి చాపింది. ఒక్కరమూ ఫోను ఇవ్వలేదు. ఆరువందల మందిమీ ఫోన్లతోనే లోపలికొచ్చాం. గార్డులు పెద్దాయన్ని ఆపబోతే మా మధ్యలో పెట్టుకుని తెచ్చుకున్నాం. బాత్‌రూము తాళం పగలగొట్టాం. ఫోన్లక్క బయటికి వచ్చేదాకా ఒక్క సూదీ కదలదు.'

ఆమె ఆ ఫొటోవైపే చూస్తోంది. నాలుగేళ్ళు గోడకి ఇవతల కూర్చుని విన్న చోటు అదేనా! ఇంత పెద్దదా! లోపలినుంచి ఒక ఫొటో బయటికి రావడం ఇదే మొదటిసారి. మొన్న ఆ జీపు కదిలేటప్పుడు వాళ్ళు నోరు మెదపనిది ఫోన్లతో లోపలికి చేరడానికేనని ఇప్పుడర్థమైంది. మొన్న కాదు, ఈ పొద్దున్నే కదా. ఎంతకాలమో అయినట్టుంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"ఎవరు పెట్టారిది?" ఎస్సై గొంతు చించుకున్నాడు. "పాస్‌వర్డు ఎవరికిచ్చావు?"

"అందరికీ ఇచ్చాను సార్."

"ఇది రాసిందెవరు? ఒక్క పేరు చెప్పు. ఒక్కటి!"

"తెలీదు సార్."

"మళ్ళీ అదే పాట!"

"లేదు సార్. పొద్దుట్నుంచీ తెలిసి చెప్పలేదు. ఇది మాత్రం నాకు నిజంగా తెలీదు." ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఒట్టు సార్. ఎవరు రాశారో నాకు తెలీనే తెలీదు!"

ఎస్సై ఫోనుని బల్లమీద బోర్లా పడేసి, ఈ ఆడదాన్ని సెల్లో వెయ్యండి అన్నాడు. ఆమె ఎవరూ తోయకుండానే నడిచింది. ఇనప తలుపు వేస్తుండగా బల్లమీద ఆ ఫోను కుయ్యిమంది. కానిస్టేబుల్ తిప్పి చూసి, "ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళట సార్," అంది. "వాళ్ళూ ఫోన్లు ఇవ్వలేదట."